గలీబు తొడిగిన గొడుగు

మామ పోయినప్పుడు ఆయన జనాజాకు నేనూ భుజం పెట్టాను. మా సందు దాటి పెద్ద రోడ్డెక్కుతుండగా ముక్కూ మొహం తెలియని మనిషి ఒకాయన వచ్చి, నా పక్కాయన దగ్గర వంతు అందుకుని నాలుగడుగులు నడిచాడు. తర్వాత నా చెవి దగ్గరికి వంగి అడిగాడు.

"ఈతూరి మనిషేనా అప్పా?"

నాకు నవ్వొచ్చింది. జనాజా మోస్తూ నవ్వితే చూసేవాళ్ళు ఏమనుకుంటారు? దాన్ని దగ్గు కింద మార్చడానికి నానా తంటాలు పడి, "మనిషేనప్పా. మామే" అన్నాను. ఆయన "అయ్యో దేవుడా" అని భుజం ఇంకాస్త గట్టిగా ఆనించాడు. అప్పుడు మాత్రం నాకు ఏడుపు ఆగలేదు.

ఆయన అలా అడగడంలో తప్పేమీ లేదు. ఒకసారి మోసపోయినవాడు అడగడా మరి? అదంతా చెప్పాలంటే గొడుగు దగ్గర్నుంచి మొదలుపెట్టాలి. మామ గురించి ఏం చెప్పాలన్నా అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

మామ నాకు చుట్టమేం కాదు. ఆదోనిలో మా పక్కింటాయన, గోడకు గోడ. దూది ఏకి పరుపులు, బొంతలు కుట్టడం ఆయన వృత్తి. స్పాంజి పరుపులు వచ్చి ఊరందరి నడుముల కిందా దూరాక, దూదేకే విల్లును గోడకు తగిలించి ఖాళీ అయిపోయాడు. నేను ఎమ్మిగనూరులో బట్టల కొట్టులో పని చేస్తాను. పొద్దున బస్సెక్కి పోయి మాపటికి వస్తాను. మా మాటలన్నీ పిట్టగోడ మీదే నడిచేవి.

ఆయనకు మనుషుల కంటే వస్తువుల మీద జాలి ఎక్కువ. రాత్రి పడుకోబోయే ముందు గోడ గడియారంలో సెల్లు తీసేసేవాడు. "ఇంటిల్లిపాదీ నిద్రపోతాంటే అదొక్కటే యాల తిరగల్ల అల్లుడా? దానికి మాత్రం అలుపుండదా?" అనేవాడు. తెల్లారగానే గోడ మీదుగా తల పెట్టి, టైమెంతో నన్నడిగి ముల్లు సరిచేసుకునేవాడు. కొత్త చెప్పులు కొంటే తారు రోడ్డు ఉన్నంతసేపు తొడుక్కుని, రాళ్ళ దారి రాగానే తీసి చంకలో పెట్టుకునేవాడు. కాలు తెగితే అదే మానుతుందట, చెప్పు తెగితే మానదట. తర్కం వినడానికి బాగానే ఉండేది. కుంటేది ఆయన కాబట్టి నేను ఎదురు చెప్పేవాణ్ణి కాదు.

"వస్తువంటే వాడుకునేది కాదు అల్లుడా, కాపాడుకునేది" అనేది ఆయన సిద్ధాంతం.

అత్త పుట్టిల్లు ఎమ్మిగనూరు. మాటల పుట్ట. అలాంటి మనిషికి ఎండ పడని జబ్బు వచ్చింది. చేతి మీద కాస్త ఎండ తగిలితే చాలు, ఒళ్ళంతా దద్దుర్లు లేచి, గోకి గోకి నెత్తురు వచ్చేది. కర్నూలు డాక్టరు పగటిపూట గడప దాటొద్దన్నాడు. ఆదోనిలో ఉంటూ ఎండ పడకపోవడమంటే చేపకు నీళ్ళు పడకపోవడమే. పొద్దున తలుపు ఓరగా వేసుకుంటే పొద్దు గూకేదాకా ఆ మసక గదిలోనే. పిల్లలు లేరు. మామేమో మార్కెట్ యార్డు దగ్గర టీ బంకులో కూర్చుని పత్తి ధరల మీద వాదిస్తుండేవాడు. చేతిలో పిడికెడు పత్తి లేకపోయినా సరే, గొంతు చించుకునేవాడు.

"బల్లితో మాట్లాడతాండానప్పా" అంది అత్త ఒకరోజు తలుపు సందులోంచి. "కొన్నాళ్ళకు అది గూడా పక్కింటికి పోతాది సూడు, నా మాటలు పడలేక." ఆమె నవ్వుతూనే అంది గానీ నాకు నవ్వు రాలేదు.

గొడుగు వచ్చింది అందుకే.

ఎమ్మిగనూరు రోడ్డులో ఎవరో తోట లాంటి హోటలొకటి పెట్టి, జనం రాక మూసేశారు. దాని పరుపులు కుట్టింది మామే. మూసేసేటప్పుడు ఓనరు పనివాళ్ళందర్నీ పిలిచి, కావలసింది ఏదైనా ఒకటి తీసుకుపొమ్మన్నాడట. తక్కినవాళ్ళు ఫ్యాన్లూ కుర్చీలూ పట్టుకుపోతుంటే మామ గడ్డిలో నిలబెట్టిన గొడుగు పట్టుకొచ్చాడు. అది మామూలు గొడుగు కాదు. విప్పితే ఒక కుటుంబం కింద కూర్చుని భోంచెయ్యొచ్చు. నీలం, తెలుపు పట్టీల గుడ్డ, ఇనుప కాడ, కింద సిమెంటు దిమ్మె. తోపుడు బండి మీద తెచ్చి వాకిట్లో నిలబెట్టాడు.

ఆ రోజు నాకు సెలవు. అత్త కొంగు నెత్తిన కప్పుకుని, లోతు తెలియని నీళ్ళలోకి దిగుతున్నట్టు ఒక్కో అడుగే వేస్తూ వచ్చి, గొడుగు కింద కుర్చీలో కూర్చుంది. ఆమె పట్టపగలు వీధి చూసి ఎన్నేళ్ళయిందో. ఉల్లిగడ్డల బండాయన్ని, కరెంటు బిల్లు ఇచ్చే పిల్లోణ్ణి, ఊరకుక్కని కూడా ఆపి పలకరించింది. మామ చేతులు దులుపుకుని, "ఇంగ హాయిగా అందర్నీ సూస్తా కూసో" అని చెప్పి, చెప్పులు చంకలో పెట్టుకుని టీ బంకుకు పోయాడు.

వారం తిరగకుండా గొడుగు మీద కాకి రెట్ట వేసింది. అక్కడ మొదలైంది అసలు కథ.

మామ కుంకుడుకాయలు నానబెట్టి, పిసికి నురుగు తీసి, పాత పళ్ళ బ్రష్షుతో ఆ గుడ్డను అంగుళం అంగుళం రుద్దాడు. సబ్బు పొడి వేస్తే దాని చర్మం పాడవుతుందట. ఉతికిన తర్వాత ఎండలో ఆరేస్తే రంగు పోతుందని ఇంట్లో ఫ్యాను కింద ఆరబెట్టాడు. నాకు ఒళ్ళు మండింది.

"ఏం మామా, ఎండకు అడ్డం పెట్టే గొడుగును ఎండలో పెట్టొద్దంటే ఎట్ల?"

"మీ అత్తకూ ఎండ పడదు, దీనికీ పడదు. ఇద్దర్నీ నేనే సూసుకోవల్ల" అన్నాడు, తడి గుడ్డ మీద ఉఫ్ అని ఊదుతూ.

ఎండాకాలం రంగు పోతుంది, వానాకాలం బూజు పడుతుంది, గాలికాలం ఊచలు వంగుతాయి. అలా ఏ కాలంలోనూ గొడుగు తెరవడానికి మంచిరోజు దొరికేది కాదు. అత్త పోరు పడలేక ఎప్పుడైనా తెరిచినా, నాలుగు రోజుల్లో ఎక్కడో ఒకచోట కుట్టు ఊడేది. మామ దాన్ని లోపలికి తెచ్చి ముందు గదిలో పరిచి, అత్త కుర్చీ పక్కనే చతికిలబడి, దారం నాలుకతో తడిపి కుట్టడానికి కూర్చునేవాడు. కుట్టడం తెలిసిన మనిషే. కాకపోతే ఆయనకు తెలిసిందల్లా పరుపులు. అత్తకు తెలిసిందల్లా చీరలు. గొడుగుల సంగతి ఇద్దరికీ తెలియదు.

ఒకసారి అతుకు వెయ్యడానికి నేను ఎమ్మిగనూరు నుంచి మగ్గం గుడ్డ తెచ్చిచ్చాను. అత్తది నేత ఊరు. మగ్గం గుడ్డకు గంజి పెట్టకపోతే మర్యాదగా ఉండదని పట్టుబట్టింది. మొగుడూ పెళ్ళాం పెద్ద సట్టి నిండా గంజి కాచి గొడుగు మొత్తానికీ పట్టించి, తెరిచి ఆరబెట్టారు. అది అప్పడంలా బిగిసింది. మూయబోతే మూసుకోదు, లోపలికి తేబోతే తలుపులో పట్టదు. వాకిట్లోనే ఉండిపోయింది. వీధిలో మేకలన్నీ గంజి రుచి మరిగి అంచులు నాకడానికి వచ్చాయి. మామ కట్టె పట్టుకుని కాపలా. నెత్తి మాడిపోతున్నా గొడుగు కింద మాత్రం నిలబడడు, పక్కన ఎండలో నిలబడతాడు. కింద నిలబడితే మేకలు కనపడవట. ఆయన ఎండలో, అత్త నీడలో, మధ్యలో మేకలు. పొద్దస్తమానం ఇద్దరూ ఒకరినొకరు తిట్టుకుంటూనే ఉన్నారు. అత్త మొహం అంత కళగా ఉండడం నేను అంతకుముందు చూడలేదు.

ఇంకోసారి, గుడ్డలోంచి వేడి దిగుతోందని అత్త అన్న పాపానికి, లోపల ఇంకో గుడ్డ వేసి మధ్యలో దూది కూరి దబ్బనంతో కుట్టేశాడు. అది గొడుగు కాదు, కాడకు గుచ్చిన బొంత. ఆ రోజు అత్త "సల్లగుంది, సల్లగుంది" అని మురిసిపోయింది. మర్నాడు వాన. నీళ్ళన్నీ దూది పీల్చుకుని గొడుగు ఎనుమంత బరువైంది. మా కళ్ళ ముందే ఇనుప కాడ మెల్లగా వంగి, గొడుగు నేలకు తల ఆనించింది. దూదంతా పీకినా వంగిన కాడ తిన్నగా అవుతుందా? వెల్డింగు షాపుకు తీసుకుపోవాలి.

ఆ ప్రయాణం గురించి చెప్పే ముందు ఆయన గొడుగు దాచే పద్ధతి చెప్పాలి. దానికి తల నుంచి కాళ్ళ దాకా తెల్లటి గలీబు కుట్టాడు, దిండుకు తొడిగినట్టు తొడిగేవాడు. పురుగు పట్టకుండా లోపల వేపాకు, కర్పూరం. ఊచలకు కుట్టుమిషను నూనె. గోడకు నిలబెడితే ఊచలు జారతాయని ఇంట్లో ఉన్న ఒకే ఒక్క మంచం మీద పడుకోబెట్టి, తాము ఇద్దరూ కింద పడుకునేవాళ్ళు. ఇంటికి వచ్చినవాళ్ళు ఆ మంచం చూసి గొంతు తగ్గించి, "ఎవరికి బాగలేదు?" అని అడిగేవాళ్ళు. మామ కూడా గొంతు తగ్గించే "గొడుగు" అనేవాడు.

వెల్డింగు షాపుకు ఆటోలో పోదామంటే ఒప్పుకోలేదు. కుదుపులకు ఊచలు విరుగుతాయట. మంచంతో సహా మోసుకుపోదామన్నాడు. ముందు ఆయన, వెనక నేను. గలీబు తొడిగి ఉంది, దుమ్ము పడకుండా పైన దుప్పటి కప్పాడు, కర్పూరం వాసన గుప్పుమంటోంది. ఇంత చూసి కూడా నాకు తట్టలేదంటే నా బుద్ధి గడ్డి తిన్నట్టే.

సందు చివర సైకిలు షాపాయన మమ్మల్ని చూశాడు. చేతిలో పంపు వదిలేసి, టోపీ సర్దుకుని, గబగబా వచ్చి మంచం కోడు కింద భుజం పెట్టాడు. మా ఊళ్ళో అంతే. జనాజా కనిపిస్తే ఎవరిదని అడగరు. నాలుగడుగులు మోసినా పుణ్యమని ముందు భుజం పెడతారు, తర్వాత కనుక్కుంటారు. నేను నోరు తెరిచే లోపే ఇంకో కోడు ఇంకొకాయన అందుకున్నాడు. నన్ను పక్కకు తప్పించి మూడో ఆయన దూరాడు. పెద్ద రోడ్డు చేరేసరికి మా వెనక ఇరవై మందో ముప్పై మందో ఉన్నారు.

నేను పరుగెత్తి మామ పక్కకు చేరాను. "సెప్పు మామా, గొడుగని సెప్పు."

"ఎట్ల సెప్పేది అల్లుడా? అందరూ దువా సదువుతాండారు. నడి రోడ్లో సెప్తే తంతారు. షాపు కాడికి పోనీ" అన్నాడు పళ్ళ సందునుంచి.

ఆటోలు ఆగాయి. ఉగ్గాని, బజ్జీలు అమ్మే ఆమె కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "తేలిగ్గా ఉండాడు పాపం, ఏం రోగమో" అన్నారెవరో. "శానా దినాలు మంచం పట్టినాడంటప్పా" అన్నాడు ఇంకొకడు, పక్కన కూర్చుని పాలు పట్టించినవాడిలా. ఆ మాట ఒక విధంగా నిజమే.

ఖబరస్తాన్ వైపు తిరగాల్సిన జనాజా వెల్డింగు షాపు ముందు ఆగేసరికి జనం మొహాలు చూసుకున్నారు. వెల్డింగు ఆయన నల్ల కళ్ళద్దాలు పైకెత్తి, మంచం చూసి, హడలి లేచి నిలబడ్డాడు. గడ్డం నెరిసిన పెద్దాయన ఒకరు మెల్లగా అడిగారు. "పోయింది ఎవరు?"

మామ దుప్పటి తీసి, గలీబు ముడి విప్పాడు. "నా ఇంటామె గొడుగు. నడుము పోయింది."

మోసినవాళ్ళంతా మెడలు చాచి చూశారు. మా పని అయిపోయిందనుకున్నాను. పెద్దాయన గొడుగును తేరిపార చూసి, గడ్డం నిమురుకుని, "మోసిన పుణ్యం యాడికి పోతాదిలే. బాగు సేపిచ్చుకోండి" అని వెళ్ళిపోయారు. తక్కినవాళ్ళు అంత సులువుగా వదల్లేదు. వాళ్ళన్న మాటలు ఇక్కడ రాయడం బాగుండదు. మామ మాత్రం ఏ తిట్టుకూ చలించకుండా, "కొంచెం మెల్లగా కొట్టప్పా" అని వెల్డింగు ఆయన్ని బతిమాలుతున్నాడు.

తర్వాత కొన్నాళ్ళకు, మామ చెప్పిన నైలాను దారం ఎమ్మిగనూరులో కొని, సెలవు రోజు మధ్యాహ్నం ఇవ్వడానికి పోయాను. ఆయన నమాజుకు పోయాడు. ఓరవాకిలి తోసేసరికి, మంచం మీద గలీబు పైకి జరిపి ఉంది. అత్త చిన్న కత్తెర పట్టుకుని గొడుగు కుట్లు ఒక్కొక్కటే కోస్తోంది.

"అత్తా! ఏంది నువ్వు సేసేది?"

"యాల అరుస్తావప్పా? తలుపు మూయి."

"ముసలాయప్ప కండ్లు పోగొట్టుకోని కుడతాంటే నువ్వు కోస్తాండావా?"

అత్త కత్తెర ఒళ్ళో పెట్టుకుంది. సిగ్గుపడలేదు. "గొడుగు బాగుంటే నన్ను దాని కింద కూసోబెట్టి టీ బంకుకు పోతాడు. పాడయితే నా పక్కన కూసోని కుడతాడు. నాకు వీధీ వద్దు, నీడా వద్దు. పక్కన మనిషి కావల్ల. రాయి మాదిరి కూసోని ఊ అన్నా సాలు."

"ఇంట్లో ఉండు అని అడగొచ్చు గదా?"

"అడిగితే ఉంటాడు, మొగం ముడుసుకోని. అడక్కుండా ఉండేదే గదప్పా ఉండేదంటే."

దారం ఉండ అక్కడ పెట్టి వచ్చేశాను. అప్పట్నుంచి మామ గోడ దగ్గరికి వచ్చి "సూదికి దారం ఎక్కిచ్చు అల్లుడా, కండ్లు ఆనవు" అన్నప్పుడల్లా ఆయన మొహం చూడకుండా ఎక్కించి ఇచ్చేవాణ్ణి. పైగా అత్త నా ముందే ఆయన్ని ఆడిపోసుకునేది. "మీ మామకు సెయ్యి పోయిందప్పా. ఒగ కుట్టూ నిలబడదు. వయసులో కుట్టిన పరుపుల మింద ఏనుగులు దొల్లినా ఊడేటివి కావు" అనేది. ఆయన విని ఊరుకునేవాడు.

ఒకరోజు సాయంత్రం పట్టలేక అడిగేశాను. అత్త లోపల రొట్టెలు కొడుతోంది. "మామా, ఈ కుట్లు వాటంతట అవే ఊడతాండాయంటావా?"

ఆయన వంటగది వైపు ఓసారి చూసి గొంతు తగ్గించాడు. "కత్తెర అల్లుడా. మీ అత్త."

"నీకు తెలుసా!"

"ఊడిన దారమేదో కోసిన దారమేదో తెలీకుండానే ఇన్నేండ్లు కుడితినా? మొదటి తూరే తెలుసు."

"మరి ఏమీ అనవే?"

"ఏమనల్ల? కోయొద్దంటే మానుకుంటాది. అప్పుడు నేను మళ్ళా టీ బంకుకు పోవల్ల. ఆడ పొద్దుగూకులూ పత్తి, పత్తి, పత్తి." దారం నాలుకతో తడిపి, ఇంకో కుట్టు వేశాడు. "అందుకే నేను గూడా వదులుగా కుడతాండా. గట్టిగా లాగి కుడితే కోసేటప్పుడు ఆమె వేళ్ళు నొస్తాయి. ఆ కత్తెర గూడా మొద్దుబారింటే మొన్న సాన పట్టిచ్చి ఆడే పెట్టినా." సూది నా ముందు ఆడించాడు. "సెప్పొద్దు ఆమెకు. సెప్తే సిగ్గుపడి మానుకుంటాది."

అలా ఇద్దరి గుట్టూ మోసే గాడిదనయ్యాను నేను. పొద్దున బస్సులో ఒక్కణ్ణే నవ్వుకుంటుంటే కండక్టరు వింతగా చూసేవాడు. నిజం చెప్పొద్దూ, నాకు వాళ్ళంటే అసూయగా కూడా ఉండేది. మా ఇంట్లో నేనూ నా భార్యా సెల్‌ఫోన్లు చూసుకుంటూ ఒకే సోఫాలో కూర్చుంటాం. మమ్మల్ని కలిపి ఉంచడానికి చిరగాల్సిన వస్తువు ఏదీ లేదు.

పోయిన ఎండాకాలం మామ మధ్యాహ్నం నిద్రలోనే పోయాడు. ఆయన్ని పడుకోబెట్టాలంటే ముందు మంచం మీంచి గొడుగు దింపాలి. నేనూ ఇంకొకాయనా దాన్ని ఎత్తుతుంటే అత్త "మెల్లగా, ఊచలు" అంది. ఆ రోజు ఆమె మాట్లాడింది అదొక్కటే. ఏడవలేదు. వచ్చినవాళ్ళు పట్టుకుని ఏడ్చినా ఆమె కంట్లో తడి లేదు. మొగుడు పోయిన ఆడమనిషి గడప దాటకూడని ఇద్దత్ గడువు ముగిసేదాకా నెలల తరబడి తలుపు వెనకే ఉండిపోయింది. ఆ తలుపు సందులోంచి ఒక్క మాట బయటికి రాలేదు. మాటల పుట్ట అలా ఎండిపోతే పక్కింట్లో మాకు అన్నం సయించేది కాదు.

గడువు తీరిన మర్నాడు నేనూ నా భార్యా పోయాం. గొడుగు గలీబులో అలాగే ఉంది, మంచం మీద. అత్త కింద కూర్చుంది. చాలాసేపటికి నోరు విప్పింది.

"పాపం సేస్తినప్పా. కండ్లు ఆనక, సేతులు వణుకుతాంటే కుడతాండె. నేనేమో కోస్తాంటి. మోసం సేసి పక్కన కూసోబెట్టుకుంటి. నిజం సెప్పకుండానే పంపిస్తి."

చెప్పొద్దన్నాడు మామ. చెబితే కొయ్యడం మానేస్తుందని. ఇక కొయ్యడానికి కుట్టేవాడే లేడు. చెప్పేశాను.

"ఆయనకు తెలుసత్తా. మొదటి తూరి నుంచే తెలుసు."

అత్త నన్ను అనుమానంగా చూసింది, ఓదార్పుకు అబద్ధమాడుతున్నానని. "తెలిస్తే గట్టిగా కుట్టిండల్ల గదా. అంత వదులుగా యాల కుట్టినాడు?"

"గట్టిగా కుడితే కోసేటప్పుడు నీ వేళ్ళు నొస్తాయని. ఆ కత్తెరకు సాన పట్టిచ్చింది గూడా ఆయనే."

అత్త తన వేళ్ళ వైపు చూసుకుంది. నా భార్య ఆమె భుజం మీద చెయ్యి వేసింది. "దొంగ ముసలోడు" అంది అత్త. "సెయ్యి పోయిందని నలుగుర్లో తిడితి గదప్పా. అన్ని తిట్లూ తిని ఒగ మాట అన్లేదు." ఆ మాటతో ఆమె మొహం ఒక్కసారిగా చెదిరిపోయింది. మామ పోయాక మొదటిసారి, వీధంతా వినపడేలా గొంతెత్తి ఏడ్చింది.

"ముందే తెలిసింటే ఇంగా నాలుగు కుట్లు ఎక్కువ కోసేదాన్ని గదప్పా!"